గబ్బిలం మేస్త్రి బరువు

గోడకు గీజర్ పట్టీ బిగించాక మావయ్య ఒక పని చేస్తాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఆ ఇనుప పట్టీని రెండు చేతులా పట్టుకుని, మోకాళ్లు మడిచి నేల వదిలేస్తాడు. అలా వేలాడుతూనే ఇరవై లెక్కపెడతాడు. ఇంటివాళ్లు నోరు తెరుచుకుని చూస్తారు. ఇరవై అయ్యాక మెల్లగా పాదాలు ఆనించి, "నన్ను మోసిన గోడ నీ గీజర్‌ను మొయ్యదా?" అంటాడు. ముప్పై ఏళ్లుగా అదే మాట. అందుకే సామాన్ల కొట్టు దగ్గర్నుంచి మేడల కాపలాదార్ల దాకా అందరికీ ఆయన గబ్బిలం మేస్త్రి. ఆ పేరుకు ఆయన కోపం తెచ్చుకోడు. "గబ్బిలం జారి పడగా ఎప్పుడైనా చూశావా?" అని ఎదురు అడుగుతాడు.

ఒకప్పుడు ఆయన వెనక సంచీ మోసింది కొడుకు. రెండేళ్ల కిందట తొమ్మిది రోజుల జ్వరం అతన్ని తీసుకుపోయింది. నెల తిరిగాక ఒక పొద్దున మావయ్య పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకోబోయి, తగిలించుకోలేక, గుమ్మంలోనే నిలబడిపోయాడు. కోడలు వచ్చి సంచీ అందుకుంది. అత్తగారు అంతకు చాలాకాలం ముందే పోయింది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే కాబట్టి, పనికి వెళ్లేదీ ఆ ఇద్దరే అయ్యారు. లోకం నాలుగు రోజులు నాలుగు మాటలు అంది, ఐదో రోజు దానికి వేరే పని దొరికింది.

ఆమెకు మాట తక్కువ. పల్లెటూరి బడిలో పది దాకా చదివింది. గీజర్ పెట్టెలో వచ్చే కాగితాన్ని మావయ్య మేకులు పొట్లం కట్టడానికి వాడబోతే, ఆమె ప్రతిదీ తీసి దాచుకుని తీరిగ్గా చదివేది. బొమ్మలు చూసేది. రంధ్రం ఎంత లోతు వెయ్యాలో, ఏ గోడకు ఏ బోల్టో, గురుతు పెట్టుకునేది. పైకి మాత్రం స్పానర్ అడిగితే స్పానర్, రసమట్టం అడిగితే రసమట్టం, అంతే.

ఆ సోమవారం వాళ్లు వెళ్లింది కొత్త మేడలో మూడో అంతస్తు. ఇంటావిడ కుట్టుపని చేస్తుంది. ముందు గదిలో మిషను, నిలువుటద్దం, గోడ పొడవునా వేలాడే బట్టలు. లోపలి గదిలో ఆమె తల్లి మంచం మీద ఉంది. ముసలావిడకు ఎడమ పక్క పడిపోయి ఏడాదయింది. నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు.

"రోజూ పదకొండింటికి అమ్మకు స్నానం చేయించాలి మేస్త్రిగారూ. నీళ్లు కాచి మొయ్యలేక నా నడుం పడిపోతోంది. అందుకే పెద్దదే తెచ్చాను, యాభై లీటర్లు," అంది కుట్టుపని ఆవిడ.

స్నానాల గది చిన్నది. ఒక పక్క కిటికీ, ఒక పక్క తలుపు, ఇంకో పక్క పై నుంచి దిగే గొట్టాలు. గీజర్ పెట్టడానికి మిగిలింది ముందు గదికీ దీనికీ మధ్య ఉన్న గోడ ఒక్కటే. దాని కిందే ముసలావిడను కూర్చోబెట్టే ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఇంకెక్కడా ఆ కుర్చీ పట్టదు.

కోడలు గోడను వేలి కణుపుతో తట్టింది. ఖాళీ అట్టపెట్టెను తట్టినట్టు పలికింది. ఎర్ర ఇటుక అలా పలకదు.

"తేలిక ఇటుక మావయ్యా," అంది.

"తెలుసులే. ఇప్పుడన్నీ అవేగా. మేడ తేలిక, మనుషులు తేలిక," అంటూ ఆయన డ్రిల్లు మీద సుత్తి దెబ్బ మీట వేశాడు. ఎర్ర ఇటుకకు ఆ దెబ్బ ఉంటేనే బిట్టు దిగుతుంది. ముప్పై ఏళ్లుగా ఆయన వేలు ఆ మీట మీదికి తనంత తానే పోతుంది.

బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. రాలిన పొడి ఎర్రగా, గరుగ్గా లేదు. తెల్లగా, జల్లించిన పిండిలా ఉంది. వేసింది పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రం, చూస్తే ఆమె బొటనవేలు పట్టేలా ఉంది. బిగించేకొద్దీ గోడ లోపల రెక్కలు విప్పుకునే బోల్టు అది. రెక్కలు విప్పుకుంటున్న కొద్దీ లోపల ఇటుక పొడుం అవుతున్న చప్పుడు, కరకరమంటూ, ఆమెకు వినిపించింది.

"మావయ్యా, బోల్టు తిరుగుతోంది."

"తిరగనీ. మగపిల్లాడు తిరిగి తిరిగి ఓ చోట ఆగడూ?" అని నవ్వి, ఆయన చెక్క పేడు ఒకటి చెక్కి సందులో దిగగొట్టాడు. చుట్టూ సిమెంటు ముద్ద అద్దాడు. బోల్టు ఆగింది. రెండో దానికీ అంతే.

కాసేపు ఆరనిచ్చి, పట్టీ బిగించి, తువ్వాలుకు చేతులు తుడుచుకున్నాడు. వేలాడాడు. కుట్టుపని ఆవిడ చేతిలో సూది అలాగే పట్టుకుని చూసింది. పక్క గదిలోంచి ముసలావిడ కేక వేసింది.

"ఏమే, ఆయన దిగాడా, ఇంకా చూరు పట్టుకునే ఉన్నాడా?"

"దిగుతున్నాడమ్మా!"

"జాగ్రత్తగా దిగమను. మొదటే ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాడు."

అందరూ నవ్వారు. మావయ్య కూడా. కోడలు నవ్వలేదు. వేలాడుతున్నప్పుడు ఆయన చొక్కా పైకి జరిగి, పక్కటెముకలు ఒక్కొక్కటిగా కనబడ్డాయి. రోజూ ఒకే ఇంట్లో తిరిగే మనిషిని ఎవరు పరకాయించి చూస్తారు? కంచంలో ఆయన వదిలేసే అన్నమే ఆమె రోజూ తీస్తోంది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆయన తినేది సగం, ఆ తర్వాత పావు. చొక్కాలు మాత్రం పాతవే.

*

గురువారం సాయంత్రం సామాన్ల కొట్టుకు వెళ్లారు. గుమ్మం పక్కన మేకులు, గొలుసులు తూచే పెద్ద కాటా ఉంది. కొట్టాయన మావయ్యను ఎగాదిగా చూసి వెటకారం మొదలుపెట్టాడు.

"ఏం గబ్బిలం బాబాయ్, చొక్కా నీదేనా, ఎరువు తెచ్చుకున్నావా? లోపల ఇంకో మనిషికి చోటుంది."

"నీ పొట్టకు సరిపోదులే, ఆశపడకు."

"అదికాదు గానీ, ఓసారి కాటా ఎక్కు. నిన్న ఎవడో గొలుసు తక్కువ తూగిందని గొడవ చేసి పోయాడు." కొట్టాయన కోడలి వైపు తిరిగాడు. "నీకు తెలీదమ్మా, మా నాన్న ఉన్నప్పుడు ఈ కాటా మీద అనుమానం వస్తే బాబాయిని ఎక్కించేవాళ్లం. ఎనభై. ఒక గ్రాము అటూ లేదు, ఇటూ లేదు. ఎండాకాలం, వానాకాలం, ఎనభై అంటే ఎనభై. మాకు ఆయనే తూకం రాయి."

మావయ్య చెప్పులు విడిచి, దర్జాగా ఎక్కాడు. ముల్లు ఊగి ఆగింది.

నలభై తొమ్మిది.

"చచ్చాం, కాటా పాడైంది," అన్నాడు కొట్టాయన. మావయ్యను దించి, పక్కనున్న సిమెంటు బస్తా లాగి దాని మీదికి తోశాడు. బస్తా మీద యాభై అని అచ్చువేసి ఉంది. ముల్లు యాభై మీద ఆగి, కదలకుండా నిలబడింది.

కొట్టాయన నోట్లో నవ్వు నోట్లోనే ఉండిపోయింది. బస్తా మీద చెయ్యి వేసుకుని, "బాబాయ్... ఒంట్లో బాగుంటోందా?" అన్నాడు చిన్నగా.

"నీ కాటా దొంగది," అని మావయ్య చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

కోడలు కాటా వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్ల ముందు ఉన్నది బస్తా కాదు, దాచుకున్న కాగితం. ఖాళీ గీజర్ ఇరవై కిలోలు. నీళ్లు నిండితే డెబ్బై. గోడ మోసి చూపించింది నలభై తొమ్మిదిని, అదీ ఇరవై లెక్కపెట్టేంతసేపు. అదే కాగితంలో గోడల బొమ్మలు ఉన్నాయి. గట్టి ఇటుక గోడకు ఇలాంటి బోల్టే. తేలిక ఇటుక గోడ దగ్గర మాత్రం ఆ బోల్టు మీద పెద్ద అడ్డగీత. పక్క బొమ్మలో ఒక కడ్డీ గోడకు ఈవలి నుంచి ఆవలికి దూరి, వెనక అరచేయంత ఇనుప పలకను పట్టుకుని ఉంది.

దారిలో నాలుగు అంగల వెనకే నడుస్తూ, ఎలా మొదలుపెట్టాలో తెలియక, చివరికి ఉన్నదున్నట్టే చెప్పేసింది.

"మావయ్యా, నీళ్లతో కలిసి అది డెబ్బై. మనం చూసింది నలభై తొమ్మిదికే. ఆ గోడ మోస్తుందో లేదో మనకు తెలీదు. దాని కింద ముసలావిడ కూర్చుంటుంది."

ఆయన ఆగలేదు. "ముప్పై ఏళ్లు గోడలతో కాపురం చేశాను. నువ్వు కాగితాలు చదివి నాకు చెప్తావా?"

"అది తేలిక ఇటుక మావయ్యా. తుమ్మితే ఊడే ముక్కు. మీరు పట్టుకుని వేలాడితే బరువు కిందికే లాగుతుంది. గీజర్ బొజ్జ ముందుకు ఉంటుంది, బోల్టును బయటికి లాగుతుంది. మనం వెళ్లి ఒక్కసారి..."

"వాడు ఉంటే," అన్నాడు మావయ్య, గొంతు పెద్దది కాకుండానే, "వాడు ఉంటే నన్ను బజార్లో కాటా ఎక్కనిచ్చేవాడు కాదు."

ఇంటికి వచ్చాక ఆమె వడ్డిస్తే ఆయన కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కలిపి, చెయ్యి కడిగేసుకున్నాడు. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. ఆయనకు భార్య లేదు, కొడుకు లేడు, ఒంట్లో సత్తువ లేదు. మిగిలింది ఆ వేలాడ్డం ఒక్కటే. అది కూడా నేనే లాక్కోవాలా అనుకుంది. కానీ కళ్లు మూసుకుంటే ప్లాస్టిక్ కుర్చీ కనబడుతోంది.

*

తెల్లారాక మావయ్య మంచం దిగలేదు. "ఇవాళ నాకు ఒంట్లో బాలేదు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె సంచీ సర్దింది. మరలున్న పొడవాటి కడ్డీలు రెండు, ఇనుప పలకలు రెండు, నట్లు, వాషర్లు కొట్టులో కొనుక్కుంది. పదిన్నరకు మేడ మెట్లు ఎక్కింది. పదకొండుకు ఇంకా అరగంట ఉందని, ఒక్కో మెట్టుకూ తనకు తాను చెప్పుకుంది.

తలుపు తీసిన కుట్టుపని ఆవిడ చేతికి సబ్బు నురగ ఉంది.

"నువ్వా? రా. పదకొండుకు జాకెట్ల వాళ్లు వస్తామన్నారు, అందుకని ఇవాళ అమ్మకు ముందే పోస్తున్నాను."

కోడలు సంచీ అక్కడే వదిలి స్నానాల గదిలోకి నడిచింది. ముసలావిడ కుర్చీలో, మెడదాకా తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది. జుట్టు మీద, భుజం మీద సన్నగా తెల్లని పొడి.

"చూడవే పిల్లా," అంది ముసలావిడ. "మీ గోడ మూడు రోజులుగా నాకు పౌడరు పూస్తోంది. ఈ వయసులో ముస్తాబు."

కోడలు పైకి చూసింది. గీజర్ తల గోడను వదిలి ముందుకు వంగి ఉంది. పైన సందులో రెండు వేళ్లు పడతాయి. పట్టీ ఎడమ చివర సిమెంటు ముద్ద నెర్రె విచ్చింది. లోపల నీళ్లు కాగుతున్న సన్నని చప్పుడు.

కేక వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. బండి చక్రం కింద కోడిపిల్లను చూసిన మనిషిలా, మెల్లగా, "అమ్మమ్మగారూ, కుర్చీ ఇటు లాగుతాం, కదలకండి," అంది. కుట్టుపని ఆవిడకు కళ్లతోనే సైగ చేసింది. ఆవిడ పైకి చూసి, నోరు నొక్కుకుంది. ఇద్దరూ చెరో పక్క పట్టి కుర్చీని గుమ్మం దాటించారు.

"సగం స్నానంలో ఇదేం ఊరేగింపే?" అని గొణిగింది ముసలావిడ.

స్విచ్చి ఆపి, నీళ్ల మర కట్టేసి, పక్కన గోడకు ఆనుకుని నిలబడి, కోడలు గీజర్ అడుగున గొట్టం మర తిప్పింది. యాభై లీటర్లు దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆమె రెప్ప వెయ్యలేదు. ముసలావిడ ఒళ్లు తుడిచి పడుకోబెట్టి వచ్చిన కూతురు గుమ్మంలో నిలబడి అడిగింది.

"మొన్న ఆయన వేలాడి చూపించాడు కదమ్మా? నా కళ్లతో చూశాను."

కోడలు నిండిన బకెట్ జరిపి ఖాళీది పెట్టింది. నీళ్లు బకెట్లోకి పోతూనే ఉన్నాయి.

"గోడ మోసింది మావయ్యనేనండి," అంది. "మావయ్య తగ్గిపోయాడు. ఎంత తగ్గిపోయాడో మేము చూసుకోలేదు."

వెనక మెట్ల మీద ఎవరో ఆయాసంగా ఎక్కి వస్తున్న చప్పుడు. మావయ్య. చేతిలో ఏమీ లేదు, చొక్కా బొత్తాలు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా పెట్టుకున్నాడు. ఆ మాట ఆయన విన్నాడో లేదో ముఖంలో తెలియలేదు. లోపలికి వచ్చి, సందులోకి చూసి, గీజర్‌కు ఒక పక్క చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి దించారు. తర్వాత ఆయన పట్టీ ఎడమ బోల్టును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. లాగనైనా లేదు. ముసలి చిగుళ్లలోంచి పన్ను వచ్చినట్టు బోల్టు చేతిలోకి వచ్చేసింది. వెనకే పిడికెడు తెల్ల పిండి రాలింది.

ఆయన ఆ బోల్టును చొక్కా జేబులో వేసుకున్నాడు. ప్లాస్టిక్ కుర్చీని చూశాడు. దాని మీద కూర్చున్నాడు.

"నువ్వు చెయ్యి," అన్నాడు.

ఆమె డ్రిల్లు తీసి, సుత్తి దెబ్బ మీట ఆపేసింది. పాత రంధ్రాలకు జానెడు పక్కన, తొందర లేకుండా, తిప్పుడుతోనే గోడ దాటించింది. బిట్టు ముందు గదిలో, నిలువుటద్దం పైన బయటపడింది. అటు నుంచి పలకలు పెట్టి, ఇటు నుంచి కడ్డీలు దూర్చి, రెండు వైపులా నట్లు బిగించింది. అటు పలక ఆమె పట్టుకుంటే ఇటు స్పానర్ మావయ్య పట్టుకున్నాడు. గోడకు ఆవల ఆయన ఊపిరి ఆమెకు రంధ్రంలోంచి వినిపించింది.

"అద్దం పైన ఈ ఇనుప కళ్లేంటమ్మా, జాకెట్లు తొడిగి చూసుకునేవాళ్లు జడుసుకోరూ?" అంది కుట్టుపని ఆవిడ. అని, తనే మళ్లీ, "పోన్లే, ఉండనీ," అంది.

పట్టీ బిగింపు అయిపోయింది. అలవాటు చొప్పున కోడలు పక్కకు జరిగి చోటిచ్చింది. మావయ్య తువ్వాలు భుజం మీంచి తీసి, చేతులు తుడుచుకుని, పట్టీ దాకా వెళ్లి ఆగాడు.

"నీళ్ల క్యాన్లు ఉన్నాయా ఇంట్లో?" అని అడిగాడు.

ఇరవై లీటర్లవి నాలుగు దొరికాయి. నింపి, పట్టీకి అడ్డకర్ర కట్టి, గోడకు జానెడు దూరంగా, ఒక్కొక్కటే తాడుతో వేలాడదీశారు. నాలుగూ కలిపి ఎనభై. ఆ మొత్తం పైకి చెప్పిందీ మావయ్యే. గంటసేపు అలాగే ఉంచమన్నాడు. పట్టీకీ గోడకూ మధ్య కాగితం ముక్క దూర్చి చూశాడు. ఎక్కడా దూరలేదు. గంటసేపూ ఆయన ఆ క్యాన్లకు ఎదురుగా కూర్చుని, తన చోట వేలాడుతున్న నీళ్లను చూస్తూ ఉన్నాడు.

"ఏమయ్యా గబ్బిలం, ఇవాళ వేలాడలేదా?" అని లోపలి నుంచి అడిగింది ముసలావిడ.

"లేదమ్మా. ఇవాళ నీళ్లు వేలాడాయి."

*

మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు దగ్గర ఆయన ఆగి, మెట్ల కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"వాడు పోయాక తేలిక ఇటుక గోడలకు ఎన్ని పెట్టాం?"

ఆమె దగ్గర లెక్క ఉంది. దాచుకున్న ప్రతి కాగితం వెనకా ఇల్లు, తేదీ రాసుకునే అలవాటు. "పదిహేడు. ఈ మేడలోనే నాలుగు. ఒకటి ఈ తలుపే."

"పెద్దవా?"

"ఇది పెద్దదే."

ఆయన తలుపు తట్టాడు. బనీనుతో ఉన్న ఇంటాయన తీశాడు. మేస్త్రిని గుర్తుపట్టి నవ్వాడు. మావయ్య జేబులోంచి బోల్టు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. జరిగింది చెప్పాడు. గీజర్ విప్పి మళ్లీ బిగించాలన్నాడు, ఏమీ ఇవ్వక్కర్లేదన్నాడు, ముందు నీళ్లు దింపనివ్వమన్నాడు. చెప్తున్నకొద్దీ ఇంటాయన నవ్వు పల్చబడింది.

"ఏడాదైంది పెట్టి. చెక్కు చెదరలేదు. నువ్వేగా వేలాడి చూపించావు? నన్ను మోసిన గోడ నీ గీజర్‌ను మొయ్యదా అన్నదెవరు?"

"నేనేనండి. అది తప్పండి."

"అప్పుడు ఒప్పు, ఇప్పుడు తప్పా? నా కళ్లతో చూసింది నమ్మనా, నీ చేతిలో మేకు నమ్మనా? బంగారంలాంటి గోడ పగలగొట్టి పని కల్పించుకోవడానికి నా ఇల్లే దొరికిందా? వెళ్లవయ్యా."

"ఒక్క క్యాను నీళ్లు తీస్తానండి, అంతే..."

తలుపు మూసుకుంది. లోపల గొళ్లెం పడింది.

మావయ్య ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు. కోడలు సంచీ దించి పక్క మెట్టు మీద కూర్చుంది.

"పోదామా మావయ్యా? మిగతావాళ్లు వింటారేమో."

"వాళ్లూ చూశారుగా," అన్నాడు. "అందరికీ చూపించాను." బోల్టును అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. "నువ్వు వెళ్లి అడుగు. నేను ఇక్కడే ఉంటాను. ఎప్పుడో ఒకప్పుడు తలుపు తియ్యాలిగా, అప్పుడు మళ్లీ అడుగుతాను."

ఆమె లేవలేదు. లోపల ఎవరో మర తిప్పారు. గోడ వెనక బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు, తర్వాత చెంబు ముంచిన చప్పుడు, పాట ఏదో కూనిరాగం. మావయ్య పిడికిలి బిగించాడు. ఆమె తనకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై దాటింది. నీళ్లు పడుతూనే ఉన్నాయి.